పాట నచ్చింది, పిల్లను పట్టుకుపోయారు

'ఆర్ఆర్ఆర్' సినిమా అనగానే అందరికీ 'నాటు నాటు' గుర్తొస్తుంది. మాకు ముందు మొదటి సీను గుర్తొస్తుంది. గోండు గూడెంలో ఒక చిన్న పిల్ల పాట పాడుతూ దొరసాని చేతి మీద బొమ్మ వేస్తుంటుంది. దొరసానికి పాట నచ్చుతుంది, పిల్ల చేతిపని నచ్చుతుంది. తల్లి ముందు రెండు నాణేలు పడతాయి. పాట బాగుందని ఇచ్చారనుకుంటుంది ఆ తల్లి. కాదు, అది పిల్ల ఖరీదు. పిల్లను కారెక్కించి ఢిల్లీ పట్టుకుపోతారు.

మన పాట బయటివాళ్లకు ఎందుకు నచ్చుతుంది, నచ్చితే ఏమవుతుంది అన్న ప్రశ్నకు ఆ సినిమాయే మొదటి పది నిమిషాల్లో జవాబు చెప్పేసింది. ఆ జవాబు ఎవరికీ పట్టలేదు. ప్రపంచానికి మధ్యలో వచ్చే డాన్సు పాట పట్టింది.

ఈ వ్యాసం కుళ్లుతో రాస్తున్నది కాదని ముందే చెప్పుకుంటాం. 2023 జనవరిలో ఆ పాటకు గోల్డెన్ గ్లోబ్ వచ్చింది. మార్చి 13న, మనకు సోమవారం తెల్లవారాక, ఆస్కార్ వచ్చింది. భారతీయ సినిమాలోని పాటకు ఆ బహుమతి రావడం అదే మొదటిసారి. ఆ పొద్దున్న మేమూ ఫోన్లు పట్టుకుని చూసినవాళ్లమే. కీరవాణి, చంద్రబోస్ ఆ వేదిక ఎక్కితే మా గుండె కూడా కొట్టుకుంది. మేం కొండ దిగి వచ్చి, ఉపాధ్యాయ శిక్షణ డిప్లొమాలు చేసి, పూండి, మందస, మెళియాపుట్టి వైపు బడుల్లో పాఠాలు చెప్పుకునేవాళ్లం. తెలుగు మా అమ్మ భాష కాకపోయినా మా అన్నం భాష. దానికి గౌరవం దక్కితే మాకు బాధెందుకు?

మా పేచీ ఆ 'నాటు' అన్న మాటతో.

నాడు అంటే దేశం, సీమ. ఆ నేలకు చెందినది నాటు. ఇంగ్లీషువాళ్లు 'కంట్రీ' అంటారే, సరిగ్గా అదే అర్థం. కానీ మన వాడుకలో ఆ మాట ఎలా బతికింది? కోడికైతే నాటు అంటే రుచి, ధర ఎక్కువ. వైద్యానికైతే అనుమానం. సారాకైతే కేసు. మనిషికైతే తిట్టు. 'నాటు మనిషి' అంటే మర్యాద తెలియనివాడని. మేం టీచర్ ట్రైనింగులో ఉన్నప్పుడు మా యాసకు ఆ మాటే బహుమతిగా దొరికింది. అదే మాట ఈ రోజు ప్రపంచమంతా గంతులేస్తూ పలుకుతోంది. మాట మారలేదు. పలికే నోరు మారింది, వేసుకున్న బట్టలు మారాయి.

బట్టల సంగతి తేలిగ్గా తీసుకోకండి. ఆ పాటలో ఆడుతున్నది కొమరం భీముడనే గోండు వీరుడి పాత్ర. కానీ ఆ విందులో అతను భీముడు కాదు, అక్తర్ అన్న మారుపేరుతో ఉన్నాడు. ఒంటి మీద చొక్కా, భుజాలకు పట్టీలు, కాళ్లకు బూట్లు. వెనక ఉన్న భవనం కీవ్ నగరంలోని మరీన్‌స్కీ రాజభవనం. ఉక్రెయిన్ మీద యుద్ధం రావడానికి కొద్ది నెలల ముందు, 2021 ఆగస్టులో, అక్కడ ఆ పాట తీశారు. అంటే ప్రపంచం మెచ్చిన ఆదివాసీ నాట్యాన్ని ఒక ఆదివాసీ పాత్ర తన పేరు దాచుకుని, తన బట్టలు విప్పేసి, పరాయి రాజుగారి ముంగిట్లో ఆడాల్సి వచ్చింది. కథకు అది అవసరం కావచ్చు. మా బతుక్కి మాత్రం అది కథ కాదు.

ఇక ఆ పాట ఎందుకు నచ్చిందో చూద్దాం. దాని బలాన్ని తక్కువ చేస్తే మా వాదనకే నష్టం.

మొదటిది నడక. తకిట తకిట అని పరిగెత్తే తిశ్రగతి అది. ఇంగ్లీషు లెక్కలో సిక్స్ బై ఎయిట్. మన జాతరల్లో, డప్పుల్లో వినపడే నడకే. ఐర్లండు పల్లెల్లో ఆడే జిగ్ నాట్యమూ ఆ లెక్కలోనే నడుస్తుంది. కాలికి అనువాదం అక్కర్లేదు. రెండోది కథ. ఒక తెల్లవాడు 'నీకు డాన్సేం తెలుసు' అని ఎగతాళి చేస్తే, ఇద్దరు మిత్రులు ఆడి చూపించి వాడి నోరు మూయిస్తారు. చిన్నచూపు ఎక్కడైనా చిన్నచూపే, కాబట్టి ఏ దేశంవాడైనా చప్పట్లు కొడతాడు. మూడోది ఫోను. భుజం మీద చెయ్యి వేసుకుని ఇద్దరు కలిసి వేసే ఆ అడుగు పదిహేను సెకన్లలో పడుతుంది, ఎవరైనా ప్రయత్నించొచ్చు. ప్రేమ్ రక్షిత్ అడుగులు అలా కూర్చాడు.

మాటలు ఈ లెక్కలో లేవు, గమనించారా? ఆ పాట మాటల్లో పొలం దుమ్ముంది, అమ్మవారి జాతరుంది, రొట్టె ఉంది, మిరప ఘాటుంది. బయటి దేశాల్లో చాలామంది 2022 మే నుంచి నెట్‌ఫ్లిక్స్‌లో ఆ సినిమా చూశారు. అక్కడ ఉన్నది హిందీ డబ్బింగు. అంటే వాళ్లు ముందు విన్నది 'నాచో నాచో'. నాటు అన్న మాటే లేకుండా నాటు పాట నచ్చింది! ఆస్కార్ వేదిక మీద పాట తెలుగులోనే పాడారు. పాడినవాళ్లు మన రాహుల్ సిప్లిగంజ్, కాలభైరవ. చుట్టూ ఆడినవాళ్లలో దక్షిణాసియా మనుషులు కనపడలేదని అప్పుడే అక్కడి మనవాళ్లు నిలదీశారు.

మా తీర్పు ఇది. ఈ నాటు వినేవాణ్ణి ఏమీ అడగదు. నీ పొలం ఎవరిది, నీ అడవి ఎవరు తీసుకున్నారు, ఈ అడుగు ఏ ఊళ్లో నేర్చావు అని అడిగే అవసరం లేకుండా కాలు కదిపే వీలిస్తుంది. దూరం వెళ్లగలిగింది అందుకే.

ఇది మన దగ్గరే జరిగింది కాదు. ఆస్కార్ అందుకున్నప్పుడు కీరవాణి గారు చిన్నప్పటి నుంచి కార్పెంటర్స్ పాటలు విన్నానని చెప్పి, వాళ్ల 'టాప్ ఆఫ్ ద వరల్డ్' వరసలో సొంత మాటలు పాడారు. కాలిఫోర్నియాలో పాడుకునే అన్నాచెల్లెళ్లు కార్పెంటర్స్. 1972లో ఆ పాటను కంట్రీ వాసన తగిలించి చేశారు. మరుసటి ఏడు లిన్ ఆండర్సన్ అనే కంట్రీ గాయని పాడింది, ఏడాది చివరికి కార్పెంటర్స్ పాటే అమెరికాలో మొదటి స్థానానికి ఎక్కింది. ఆ నాటు వాసన రేడియోల్లో సముద్రాలు దాటి తెలుగు పిల్లాడి చెవిన పడింది. వాళ్ల నాటు ఇక్కడికొచ్చింది, మన నాటు అక్కడికెళ్లింది. బాగానే ఉంది.

కానీ ఆ కంట్రీ సంగీతంలో టింగుమని మోగే బాంజో ఎవరిది? పశ్చిమ ఆఫ్రికా నుంచి బానిసలుగా తెచ్చిన నల్లవాళ్లది. 1920లలో రికార్డు కంపెనీలు తెల్ల పల్లెటూరి పాటను ఒక పేరుతో, నల్లవాళ్ల పాటను వేరే పేరుతో వేరు చేసి అమ్మాయి. తర్వాత కంట్రీ అంటే తెల్లవాళ్ల సొత్తే అయిపోయింది. 2019లో లిల్ నాస్ ఎక్స్ అనే నల్ల కుర్రాడు 'ఓల్డ్ టౌన్ రోడ్' పాడితే, బిల్‌బోర్డ్ పత్రిక దాన్ని కంట్రీ పట్టిక నుంచి తీసేసింది. ఆ పాట అన్ని పాటల పట్టికలో 19 వారాలు మొదటి స్థానంలో కూర్చుంది. తాతల వాయిద్యం వాళ్లదైనా, మనవడికి ఆ ఇంట్లో పీట వెయ్యలేదు. మా భయం సరిగ్గా ఇదే.

మన ఊరికే వద్దాం. 2020లో 'పలాస 1978' సినిమా వచ్చింది. అందులో రఘు కుంచె పాడిన 'నాదీ నక్కిలీసు గొలుసు' ఊరూవాడా మోగింది. అది ఉత్తరాంధ్ర జానపదం. జానపదం అన్న ఆ ఒక్క మాట చూడండి. రాసినవాళ్ల పేరు ఉండాల్సిన చోట అది ఉంటుంది. అంటే ఎవరిదీ కాదని. 1957 నాటి కాపీరైటు చట్టం కవికి బతికినంతకాలం, చచ్చిపోయాక 60 ఏళ్లు హక్కు ఇస్తుంది. ఊడుపు మడిలో నడుం వంచి పాట కట్టిన ఆడదానికి ఒక్క రోజు హక్కు లేదు. రికార్డు చేసినవాడికి ఆ రికార్డు మీద హక్కు ఉంది. మేం ఆ సినిమావాళ్లను తప్పు పట్టడం లేదు, వాళ్లు ఉత్తరాంధ్ర పాటను తెర మీదికి తెచ్చారు. పద్ధతిని తప్పు పడుతున్నాం.

ఉద్దానంవాళ్లకు ఈ పద్ధతి కొత్త కాదు. కొండ మీద మావాళ్లు జీడి పిక్కలు ఏరతారు. పలాస బట్టీల్లో ఆడవాళ్లు పిక్కలు కొడతారు, తొక్కలోని నూనెకు వేళ్లు కాలి నల్లబడతాయి. పప్పు మాత్రం తెల్లగా, ముద్దుగా డబ్బాలోకెక్కి దేశాలు తిరుగుతుంది. తినేవాడికి పప్పు తీపే తెలుస్తుంది. జీడి చమురు ఏరినవాళ్ల, కొట్టినవాళ్ల చేతుల మీదే ఉండిపోతుంది. నాటు పాట ప్రయాణమూ ఇలాగే ఉంది.

పాట ఇంకోలా ప్రయాణించడం కూడా ఈ నేల చూసింది. పూండికి దగ్గర్లోని బొడ్డపాడులో సుబ్బారావు పాణిగ్రాహి జముకుల కథ చెప్పాడు. ఆ పాట వినేవాణ్ణి అడిగేది. నువ్వెవరివైపు అని అడిగేది. 1969 డిసెంబరులో అతణ్ణి చంపేశారు. ఆయన రాజకీయాలతో ఎవరికైనా తగాదా ఉండొచ్చు. మేం చెప్పేది ఒక్కటే: అడిగే నాటుకు తూటా దొరికింది, అడగని నాటుకు బహుమతి దొరికింది.

ఇప్పుడు మా తప్పు చెప్పుకోవాలి. చెప్పకపోతే ఈ రాతకు విలువ లేదు.

'ఆర్ఆర్ఆర్' చివర్లో భీముడు తన వాళ్లకు చదువు కావాలని రాముణ్ణి అడుగుతాడు. చాలామంది ఆదివాసీలకు అది గుచ్చుకుంది, మాకూ గుచ్చుకుంది. చదువు అడగడం తప్పని కాదు. ఏ భాషలో చదువు అన్నది సినిమా అడగలేదు. నిజం భీముడు నైజాము మీద పోరాడి 1940లో జోడేఘాట్‌లో నేలకొరిగాడు. మూడేళ్లకు, 1943లో, మార్లవాయిలో గోండు ఉపాధ్యాయుల శిక్షణ కేంద్రం మొదలైంది, గోండీలో వాచకాలు వచ్చాయి. ఆ రక్తం తెచ్చిన చదువు సొంత భాషలో మొదలైంది. మా వైపు గిడుగు రామమూర్తి పంతులు గారు పర్లాకిమిడిలో ఉండి సవర నేర్చుకుని, సవరలో వాచకాలు, పాటల పుస్తకాలు చేశారు. 1931లో సవర వ్యాకరణం అచ్చయింది. 2004లో ప్రభుత్వమే సవరతో కలిపి ఎనిమిది గిరిజన భాషల్లో బడి పుస్తకాలు మొదలుపెట్టింది. దారి లేక కాదు, దారి ఉండీ మేం నడవలేదు.

ఆస్కార్ వచ్చిన మరుసటి ఏడు ఒక బడిలో వార్షికోత్సవం. ఊరి పేరు వద్దు. 'నాటు నాటు'కు పదిమంది పిల్లల్ని తయారుచేశారు. ఆదివాసీల్లా కనపడాలని వాళ్ల నడుములకు ఆకులు కట్టారు, మొహాలకు మసి రాశారు. ఆ పదిమందిలో ఆరుగురు సవర పిల్లలు. సవర పిల్లలకు సవర వేషం! మేం అక్కడే ఉన్నాం. ఒక పాప వచ్చి అడిగింది: "సార్, కందికొత్తల పండక్కి మా అమ్మమ్మ పాడే పాట ఉంది, పాడనా?" మేమేమన్నామో తెలుసా? "తెలుగులో ఏదైనా పాడమ్మా. పెద్దవాళ్లొస్తారు, వాళ్లకు అర్థం కావాలి కదా."

ప్రపంచమంతా ఒక్క ముక్క అర్థం కాకుండానే తెలుగు పాటకు లేచి ఆడిన ఏడాది అది. మేం, ఆదివాసీ పంతుళ్లం, మా పిల్లతో అర్థం కాదు వద్దన్నాం. లాస్ ఏంజెలెస్‌కు లేని అభ్యంతరం మాకొచ్చింది. ఆ దొరసాని రెండు నాణేలిచ్చి పిల్లను తీసుకుపోయింది. మేం నాణేలు కూడా ఇవ్వలేదు.

'పాట ఎవరిదైతే ఏంటి, గాలి లాంటిది, ఎక్కడికైనా పోనివ్వండి' అనేవాళ్లున్నారు. పోనివ్వమనే మేమూ అంటాం. పాటను గూడెంలో కట్టేసుకుంటే చస్తుంది. కానీ పెళ్లై వెళ్లే ఆడపిల్ల కూడా పుట్టింటి పేరు చెప్పుకుంటుంది. పాటకు ఆ మాత్రం మర్యాద దక్కకూడదా?

కాబట్టి మేం అడిగేది ఇది. కొండ పాట, పల్లె పాట రికార్డు చేసేవాళ్లు 'జానపదం' అని వదిలెయ్యకండి. పాడి వినిపించిన మనిషి పేరు, ఊరు, భాష రాయండి. ముందు అడగండి, డబ్బు వస్తే వాటా ఇవ్వండి. బడి వేదిక మీద సినిమా పాటకంటే ముందు పిల్లల ఇంటి భాషలో ఒక్క పాట ఉండాలి. మా పిల్లలకు మా వేషం వెయ్యకండి. ఇక ఆదివాసీ టీచర్లం మనం. ఒక్కొక్కరం మన ఊరి ముసలివాళ్ల దగ్గర కూర్చుని పది పాటలు రాసుకుందాం. ఎవరు పాడారో పేరుతో సహా రాసి బడిలో పెడదాం. దీనికి ఎవరి జీవో అక్కర్లేదు.

ఆలస్యం చెయ్యడానికి లేదు. ఆ పాప మొన్న కనపడింది, పై తరగతులకు వెళ్లిపోయింది. కందికొత్తల పాట పాడమ్మా అని ఈసారి మేమే అడిగాం. కాసేపు ఆలోచించి చెప్పింది: "మొదటి ముక్క వచ్చు సార్. తర్వాతది అమ్మమ్మకే వచ్చు. ఆవిడ పోయింది కదా."