ఎం-బుక్కు ఎక్కని ఘాట్ రోడ్డు

ఆర్ అండ్ బీలో ఇంజనీరుగా చేసి రిటైరయ్యాను. ఏ పెళ్లికెళ్లినా ఎవరో ఒకరు భోజనాల దగ్గర పట్టుకుంటారు. "రోడ్లంటే తెల్లదొరలే వెయ్యాలండీ, మీరు వేసినవి ఒక్క వానకే కొట్టుకుపోతున్నాయి" అంటారు. వింటూ ఊరుకోవడం నాకు చేతకాదు.

దొరల పద్ధతిని తక్కువ చెయ్యను. 1854లో గవర్నర్ జనరల్ డల్హౌసీ పబ్లిక్ వర్క్స్ శాఖను పెట్టాడు. ఆ శాఖ అలవాటు చేసిన ఎస్టిమేటు, మస్తరు (కూలీల హాజరు పట్టీ), ఎం-బుక్కు (పని కొలతలు రాసే పుస్తకం)లతోనే నా సర్వీసంతా గడిచింది. ఎం-బుక్కులో అంకె తప్పుపడితే రబ్బరుతో చెరపకూడదు. కొట్టేసి, సరైనది రాసి, పక్కన ఇనీషియల్ వెయ్యాలి. పేజీ చిరిగితే ఉద్యోగానికే ఎసరు. అంత కట్టుదిట్టం! అయితే ఆ రోడ్లకు డబ్బు దొర జేబులోది కాదు. 1884 చట్టం కింద నడిచిన జిల్లా, తాలూకా బోర్డులు రైతు శిస్తు మీద రూపాయికి అణా దాకా సెస్సు పిండేవి.

ఇది మైదానం సంగతి. నర్సీపట్నం దాటి లంబసింగి ఘాట్ ఎక్కితే లెక్క మారిపోయేది. 1882 అటవీ చట్టం వచ్చాక పోడుకు ఆంక్షలు మొదలయ్యాయి. తిండిగింజలకే కటకటగా ఉన్న మన్యం జనాన్ని రోడ్డు పనికి తోలించింది గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్. మనుషుల్ని పంపమని కొండ ఊళ్ల పెద్దలైన ముఠాదారుల మీద ఒత్తిడి, చేసినవాళ్లకు అరకొర కూలి, ఎదురు చెబితే వేధింపులు. గాం గంటందొర, మల్లుదొర సోదరులు అల్లూరి సీతారామరాజు వెంట నడవడానికి ఈ బాస్టియన్‌తో పడిన తగాదా ఒక ముఖ్య కారణం. 1922 ఆగస్టు 22న రాజు దళం మొదటి దాడి చింతపల్లి ఠాణా మీద జరిగింది. రోడ్డు చేరుకోవలసిన ఊరూ అదే. ఆ పితూరీకి (తిరుగుబాటుకు) రోడ్డొక్కటే కారణమనను గానీ, ఇది కాకతాళీయమని మాత్రం నాకు అనిపించదు.

పైసా పైసాకీ ఇనీషియల్ అడిగిన సర్కారు, కొండ మీద కూలివాడి అణాల విషయంలో కళ్లు మూసుకుంది. చేతకాక కాదు, అవసరం లేక. అక్కడ దానికి రోడ్డు కావలసింది ఠాణాకి, కలపకి. గూడేనికి కాదు.

మనమేమన్నా మార్చామా? చలికాలం వస్తే పొగమంచు చూడ్డానికి ఆ ఘాట్ నిండా కార్లే. అదే మన్యంలో నిండు గర్భిణిని డోలీలో మోసుకొస్తున్న ఫొటో మాత్రం ఏటా పేపర్లో పడుతూనే ఉంది. మెయిన్ రోడ్డుకి రెండో కోటింగ్ ఎస్టిమేటు చకచకా కదులుతుంది, గూడేనికి మట్టిబాట ఫైలు అటవీ అనుమతి దగ్గర ఆగిపోతుంది. నన్నడిగితే ఏజెన్సీలో ముందు డోలీ నడిచే బాటలకే ఎస్టిమేట్లు వెయ్యాలి. అలైన్‌మెంటు గూడెంలో కూర్చుని, అక్కడివాళ్లనడిగి గీయాలి. పని వాళ్లకే ఇచ్చి, మస్తరు అందరి ముందూ చదివి వినిపించాలి. అవి పూర్తయ్యేదాకా ఘాట్‌లో రెండో కోటింగ్ ఆగితే కొంపలేం మునగవు.