సెప్టెంబర్ దాకా ఎందుకు ఆగాలి?

“ఇప్పుడు ఫోను కొంటే డబ్బు తగలేసినట్టే తమ్ముడూ. సెప్టెంబర్ దాకా ఆగు.”

ఢిల్లీ ఆంధ్రా భవన్ క్యాంటీన్‌లో మొన్న నా ఎదుటి బల్ల దగ్గర ఒకాయన అన్న మాట ఇది. ఆయన మెడలో గురుగ్రామ్ కంపెనీ ఐడీ కార్డు, విస్తరి పక్కన గీత కూడా పడని ఖరీదైన ఫోను. వింటున్నవాడు ఓల్డ్ రాజిందర్ నగర్‌లో ఉండి సివిల్స్‌కి చదువుకుంటున్న కుర్రాడు. వాడి ఫోను తెర మీద నిలువునా ఆకుపచ్చ గీత. కింది సగంలో టచ్ పని చేయడం లేదు. “సిమ్ తీసి రూమ్మేట్ ఫోనులో వేసి ఓటీపీలు చూసుకుంటున్నానన్నా” అని వాడు చెబుతూనే ఉన్నాడు. ఆయన పప్పు కలుపుకుంటూ రాబోయే మోడల్ కెమెరా గురించి చెప్పుకుపోయాడు. చివరికి ఆ కుర్రాడు తలూపి “సరే అన్నా, ఆగుతాలే” అన్నాడు. నాకు అన్నం సయించలేదు.

ఈ మాట ఇప్పుడు ఢిల్లీలో, నోయిడాలో, గురుగ్రామ్‌లో ఎక్కడ చూసినా వినబడుతోంది. మెట్రోలో ఇదే, ఆఫీసు లిఫ్టులో ఇదే, అపార్ట్‌మెంట్ల వాట్సాప్ గ్రూపుల్లోనూ ఇదే. ఆగేవాడు తెలివైనవాడట, కొనేవాడు తొందరపాటు మనిషట. నేను ఒప్పుకోను. పొదుపు చేసేవాడు కొనడం మానేస్తాడు, లేదా తక్కువలో కొంటాడు. ఆగేవాడు ఆ రెండూ చేయడు. ఎలాగైనా కొంటాడు, అదీ మొదట అనుకున్నదానికన్నా పై మెట్టుది కొంటాడు. మధ్యలో నెలల తరబడి అమ్మేవాడి క్యాలెండరు చూస్తూ కూర్చుంటాడు. అమ్మేవాడికి ఇంతకన్నా కావలసిందేముంది?

ఆ క్యాలెండరు ఎలా తిరుగుతుందో చూడండి. సెప్టెంబర్‌లో యాపిల్ కొత్త మోడళ్లు. వెంటనే దసరా, దీపావళి సేల్స్. జనవరిలో రిపబ్లిక్ డే సేల్, దానికి అటూ ఇటూగా శామ్‌సంగ్ ఎస్ సిరీస్. వేసవిలో చైనా కంపెనీల వంతు. ఆగస్టు 15కి ఇంకో సేల్. అది అయ్యేసరికి సెప్టెంబర్ మళ్లీ వాకిట్లో ఉంటుంది. ఏడాదిలో ఏ రోజు అడిగినా “కాస్త ఆగు” అనడానికి ఒక కారణం సిద్ధంగా ఉంటుంది. ఏ రోజు చెప్పినా నిజంలా వినబడే సలహా సలహాయే కాదు.

సాకేత్ సెలెక్ట్ సిటీవాక్ మాల్‌లో యాపిల్ దుకాణం 2023 ఏప్రిల్ 20న తెరిచారు. ఆ ఏడాది సెప్టెంబర్ 22న ఐఫోన్ 15 అమ్మకం మొదలైంది. తెల్లవారకముందే మాల్ బయట వరస కట్టినవాళ్లెవరు? నెలల తరబడి ఆగినవాళ్లే. మొదటి రోజు, పూర్తి ధరకి, నిద్ర మానుకుని కొన్నారు. ఆగితే మిగులుతుందన్న వాదానికి ఆ వరసను మించిన ఖండన నాకు దొరకలేదు. 2024 సెప్టెంబర్ 20న అదే, 2025 సెప్టెంబర్ 19నా అదే.

“పాత మోడల్ ధర తగ్గుతుంది కదా, అందుకే ఆగమంటున్నాం” అంటారు. ఎనభై వేల ఫోను ఏడాదికి పదివేలు తగ్గిందనుకుందాం. అంటే ఎనిమిదో వంతు. కానీ గూగుల్ 2023 నుంచి, శామ్‌సంగ్ 2024 నుంచి తమ పెద్ద ఫోన్లకు ఇస్తామంటున్న ఏడేళ్ల అప్‌డేట్లు మనం కొన్న రోజు నుంచి మొదలు కావు. ఆ మోడల్ మార్కెట్లోకి వచ్చిన నాటి నుంచే లెక్క. ఏడాది ఆగి కొన్నవాడికి ఏడేళ్లలో ఒక ఏడాది అప్పుడే పోయింది. అంటే ఏడో వంతు. ఎనిమిదో వంతు మిగుల్చుకోవడానికి ఏడో వంతు వదులుకోవడం ఏం లెక్క? పైగా ఆ ఏడాదంతా పగిలిన తెరతో పడ్డ బాధకి వేరే ఖరీదు కట్టాలి.

ఇక పన్నుల సంగతి. నాకు అన్నిటికన్నా కోపం తెప్పించింది ఇదే. 2025 ఆగస్టు 15న ఎర్రకోట మీద నుంచి ప్రధాని జీఎస్టీ తగ్గింపుల మాట చెప్పారు. ఇక ఈ ఊళ్లో ప్రతివాడూ పన్నుల నిపుణుడైపోయాడు. ఎవరు ఫోను కొందామన్నా “పిచ్చా? దీపావళికి తగ్గుతుంది, ఆగు” అన్నారు. సెప్టెంబర్ 3న ఢిల్లీలో జీఎస్టీ కౌన్సిల్ 56వ సమావేశం జరిగింది. కొత్త రేట్లు 22 నుంచి అమలయ్యాయి. ఏసీలు, పెద్ద టీవీలు 28 శాతం నుంచి 18కి దిగాయి. ఫోను 18 దగ్గరే ఉండిపోయింది. అది అంతకుముందు కూడా 18లోనే ఉందన్న చిన్న సంగతి తెలుసుకోకుండానే వీళ్లంతా జనాన్ని ఆపారు. పాత బిల్లు ఒక్కటి తీసి చూస్తే తెలిసిపోయేది. తప్పు చెప్పామని ఆ తర్వాత ఒక్కరూ అనలేదు. వెంటనే “సరే, ఇప్పుడు సేల్ దాకా ఆగు” అని మొదలుపెట్టారు.

2020 సంగతి ఇంకా ఘోరం. ఆ ఏడాది మార్చి 14న కౌన్సిల్ ఫోన్ల మీద పన్నును 12 నుంచి 18 శాతానికి పెంచింది. ఏప్రిల్ 1 నుంచి అమలు. మార్చి 25న లాక్‌డౌన్ వచ్చింది, దుకాణాలు మూతపడ్డాయి. అంతకుముందు వారాల్లో ఎవరి మాటో విని ఆగిన ఇళ్లలో పిల్లలకు ఆన్‌లైన్ క్లాసులకు ఫోను లేదు. దుకాణాలు మళ్లీ తెరిచాక ఆరు శాతం ఎక్కువ పన్ను కట్టి కొన్నారు. 2024 జూలై బడ్జెట్‌లో దిగుమతి సుంకం 20 నుంచి 15కి తగ్గించగానే ఐఫోన్ల ధర కొద్దిగా దిగింది కదా అని ఎదురు ప్రశ్న వేస్తారు. దిగింది. అది ముందే తెలిసిన సలహాదారు ఎవరు?

ఇప్పుడు ధరలు తగ్గే దారిలో లేవు కూడా. 2025 చివరి నుంచి ఏఐ డేటా సెంటర్ల కోసం మెమొరీ చిప్‌లకు విపరీతమైన గిరాకీ వచ్చింది. చిప్ కంపెనీలు ఎక్కువ లాభం ఉన్న అటువైపే మొగ్గాయి. ర్యామ్, స్టోరేజీ రెండూ ప్రియమయ్యాయి. ఆ భారం ఎక్కువగా పడేది పది, పదిహేను వేల ఫోన్ల మీదే, ఎందుకంటే వాటిలో కంపెనీకి మిగిలేదే తక్కువ. అంటే ఆగమనే సలహా వల్ల దెబ్బతినేది లక్ష రూపాయల ఫోను కొనేవాడికన్నా ముందు ఆ రాజిందర్ నగర్ కుర్రాడే.

ఆగమని పేదవాడికి చెప్పడం ఈ నగరానికి కొత్త కాదు. 2011 అక్టోబర్ 5న ఇక్కడే అప్పటి మంత్రి కపిల్ సిబల్ ఆకాశ్ టాబ్లెట్ విడుదల చేశారు. ప్రపంచంలోనే అత్యంత చౌక అన్నారు. చేసింది డేటావిండ్ కంపెనీ, బిగింపు మన హైదరాబాద్‌లో. తెలుగువాళ్లం గర్వపడ్డాం కూడా. తీరా చూస్తే 366 మెగాహెర్ట్జ్ ప్రాసెసర్, 256 ఎంబీ ర్యామ్, వేలితో గట్టిగా నొక్కితే తప్ప కదలని తెర. విమర్శలు రాగానే “ఆగండి, ఆకాశ్ 2 వస్తోంది” అన్నారు. 2012 నవంబర్ 11న అప్పటి రాష్ట్రపతి ప్రణబ్ ముఖర్జీ చేతుల మీదుగా అదీ విడుదలైంది. కోట్లమంది విద్యార్థుల చేతుల్లోకి వెళ్తుందన్న పథకం మధ్యలోనే చతికిలబడింది. సర్కారు చవకగా ఇస్తుందని నమ్మి ఇంట్లో టాబ్లెట్ కొనకుండా ఆగిన తండ్రుల పిల్లలు ఈలోపు డిగ్రీలు పూర్తి చేసుకున్నారు.

ఆ తర్వాత 2016 ఫిబ్రవరిలో నోయిడా నుంచి రింగింగ్ బెల్స్ అనే కంపెనీ వచ్చింది. 251 రూపాయలకే స్మార్ట్‌ఫోను అంది. ఏడు కోట్లకు పైగా నమోదయ్యారని ఆ కంపెనీయే చెప్పుకుంది. విలేకరులకు చూపించిన ఫోను మీద వేరే కంపెనీ పేరు వైట్‌నర్‌తో చెరిపేసి ఉంది. అయినా జనం ఆగారు. చాలామందికి ఆ ఫోను ఏనాడూ అందలేదు. కంపెనీ అధిపతి మరుసటి ఏడాది అరెస్టయ్యాడు. ఈ రెండూ మోసమో వైఫల్యమో, పెద్ద కంపెనీలు అలా చేయవు అంటారు. నిజమే, వాళ్లు చెప్పిన రోజుకి ఫోను తెస్తారు. తెచ్చిన సాయంత్రమే వచ్చే ఏటి మోడల్ బొమ్మలు బయటికి వస్తాయి. ఇంకా పుట్టని ఫోను వెనక కెమెరాలు ఎలా ఉంటాయో గంటసేపు చర్చించి బతికే యూట్యూబ్ చానళ్లు ఎన్నో ఉన్నాయి. కొనేసినవాడు ఆ వీడియో చూడడు. ఆగినవాడే రోజూ చూస్తాడు. వాళ్ల ఆదాయం మన ఆగడంలోంచే వస్తోంది.

మా ముందు తరం ఆగింది, నిజమే. ల్యాండ్‌లైన్‌కి ఏళ్లు ఆగారు, స్కూటర్‌కి ఏళ్లు ఆగారు. గుర్గావ్‌లో తయారైన మొదటి మారుతి 800 తాళాలు ఇందిరా గాంధీ 1983 డిసెంబర్ 14న అందించేనాటికే లక్షమందికి పైగా పది వేలు కట్టి వరసలో ఉన్నారు. వాళ్లు సరుకు లేక ఆగారు. మనకు పక్కనే నోయిడా సెక్టార్ 81లో 2018లో విస్తరించిన శామ్‌సంగ్ ఫ్యాక్టరీ ఉంది, ఏడాదికి పన్నెండు కోట్ల ఫోన్ల సామర్థ్యంతో. దుకాణాల నిండా సరుకు పెట్టుకుని కొరతనాటి తీరులో బతకమని చెప్పేవాళ్లను చూస్తే ఒళ్లు మండుతుంది. ఆ తరం ఆ వరసల్లోంచి బయటపడటానికి ఎంత తపించిందో వీళ్లకి తెలియదు.

ఆగడం ఎవరికి సుఖం? చేతిలో బాగా పని చేస్తున్న ఫోను ఉన్నవాడికి. గురుగ్రామ్‌లో బండి మీద సరుకులు చేర్చే కుర్రాడికి ఫోనే దుకాణం, దారి చూపేదీ అదే, జీతం వచ్చేదీ అందులోకే. యాపిల్ తన ఫోన్లు వాడటానికి చెప్పే గాలి వేడి 0 నుంచి 35 డిగ్రీల దాకా. మే, జూన్‌లలో ఢిల్లీలో 45 తగులుతుంది. ఆ ఎండలో హ్యాండిల్‌కి బిగించిన ఫోను గంటల తరబడి మ్యాపు చూపిస్తూ కాలిపోతుంది. ఐఫోన్ 14, అంతకు ముందువాటి బ్యాటరీలు 500 చార్జింగ్ సైకిళ్లకు ఎనభై శాతానికి దిగుతాయని ఆ కంపెనీయే చెబుతుంది. రోజుకి రెండుసార్లు చార్జింగ్ పెట్టేవాడికి అది ఏడాది మాట కూడా కాదు. మధ్యాహ్నం ఫోను ఆగిపోతే ఆ రోజు ఆర్డర్లు పోయినట్టే. అలాంటివాడికి “నాలుగు నెలలు ఓపిక పట్టు” అనడం క్రూరత్వం. ఈ నాలుగు నెలలు నెట్టుకురావడానికి వాడు ఫోన్లు బాగుచేసే గఫార్ మార్కెట్‌కి వెళ్లి డూప్లికేట్ డిస్‌ప్లే వేయించుకుంటాడు, అది రెండో నెలలో మచ్చలు పడుతుంది, మళ్లీ వెళ్తాడు. ఆగమన్నవాడు ఆ డబ్బు ఇవ్వడు.

ఈ నో కాస్ట్ ఈఎంఐ గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే “సేల్‌లో అయితే నో కాస్ట్ వస్తుంది” అనేది వీళ్ల ఇంకో ఆయుధం. వడ్డీ లేని అప్పు అందులో ఏమీ లేదు. వడ్డీ మొత్తాన్ని ముందు డిస్కౌంటుగా చూపించి, తర్వాత కార్డు బిల్లులో వడ్డీగానే వసూలు చేస్తారు. ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ విడిగా పడుతుంది, పైగా ప్రాసెసింగ్ ఫీజు. నాకు తెలిసినవాళ్లలో ఆ స్టేట్‌మెంటు పూర్తిగా చదివినవారు దాదాపు లేరు.

మరేం చేయాలంటారా? చేతిలోది పని చేస్తుంటే కొత్తదాని వైపు చూడకండి, సెప్టెంబర్‌లోనూ చూడకండి. బ్యాటరీ ఒక్కటే పోతే బ్యాటరీ మార్పించండి. అదీ కుదరనంతగా పాడైతే ఉన్న డబ్బుకి ఈ రోజు దొరికేది ఈ రోజే కొనండి. సెకండ్ హ్యాండ్ అయినా పరవాలేదు. *#06# నొక్కి ఐఎంఈఐ తీసుకుని, కేవైఎం అని ఇంగ్లిషులో కొట్టి, ఖాళీ వదిలి ఆ నంబరు రాసి 14422కి మెసేజ్ పంపితే ఆ ఫోను బ్లాక్‌లిస్టులో ఉందో లేదో తెలుస్తుంది.

అసలు పోరాడాల్సింది మరమ్మతు గురించి. కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 డిసెంబర్ 24న రిపేరు హక్కు పోర్టల్ తెరిచింది. అయినా ఫోను కొనేముందు దాని డిస్‌ప్లే పగిలితే ఎంతవుతుందో దుకాణంలో ఎవరూ చెప్పరు. పెట్టె మీద ఎంఆర్‌పీ అచ్చువేసినట్టే డిస్‌ప్లే ధర, బ్యాటరీ ధర, విడిభాగాలు ఎన్నేళ్లు దొరుకుతాయన్నదీ అచ్చువేయించాలి. ఆ కుర్రాడి డిస్‌ప్లే మూడు వేలకు అసలుది దొరికే పనైతే వాడు కొత్త ఫోను మాటే ఎత్తేవాడు కాదు.