మన పిల్లలకు మన మాట తెలిసిన టీచరు కావాలి



ఈసారి కొంచెం పొడుగ్గా రాస్తున్నాను, ఓపికగా చదవండి. నేను బడిలో చదివింది తమిళం. తెలుగు రాయడం పెళ్లయ్యాక నేర్చుకున్నాను. తప్పులుంటే సర్దుకోండి.

మా గల్లీలో ఏడేళ్ల పిల్లవాడు ఒకడున్నాడు. పేరు రాయను. తండ్రిది సాంచాల మీద పని. తల్లి, నాయనమ్మ బీడీలు చుడతారు. పిలిస్తే వాడు తిరిగి చూడడు. కండెలన్నీ రంగుల వారీగా వరుసగా పెడతాడు, ఒక్కటి జరిపినా ఏడుస్తాడు. అందరికీ సాంచాల చప్పుడు విసుగైతే, వీడికి కరెంటు పోయి చప్పుడు ఆగితేనే భయం. గోడకు తల కొట్టుకుంటాడు. డాక్టరు ఆటిజం అన్నాడు.

బడిలో వేశారు. రెండు నెలలకే పిలిచి, "మాట వినడు, మిగతా పిల్లలకు ఇబ్బంది, తీసుకుపోండి" అన్నారు. ఆ టీచరమ్మను నేను తప్పు పట్టను. క్లాసు నిండా పిల్లలు. ఇలాంటి పిల్లవాడికి ఎలా చెప్పాలో ఆమెకు ఎవరూ నేర్పలేదు. అసలు సమస్య అదే.

ఆటిజం గాలి సోకడం కాదు, తల్లి పెంపకం లోపం కాదు. మెదడు పెరిగే తీరులోనే ఉండే తేడా. 1943లోనే కానర్ అనే డాక్టరు దీని గురించి వివరంగా రాశాడు. మన దేశంలో 2016 దివ్యాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది, అందులో ఆటిజం ఉంది. 40 శాతం, అంతకు మించి వైకల్యం ఉన్నట్టు సర్టిఫికెట్ ఉంటే 6 నుంచి 18 ఏళ్ల దాకా ఉచితంగా చదువుకునే హక్కు ఉంది. 2021లో సుప్రీంకోర్టు ప్రత్యేక టీచర్ల సంఖ్య మీద తీర్పు ఇచ్చింది: ఇలాంటి పిల్లలు ప్రైమరీలో 10 మందికి ఒకరు, ఆ పై తరగతుల్లో 15 మందికి ఒకరు. 2025 మార్చిలో ఆ పోస్టులు మంజూరు చేయమని అన్ని రాష్ట్రాలకూ మళ్లీ గట్టిగా చెప్పింది.

నేను ఆఫీసులో ఫైళ్లు మోసినవాణ్ణి. పోస్టు మంజూరు కావడం వేరు, అందులో మనిషి కూర్చోవడం వేరు. 1992 చట్టం ప్రకారం ఈ పనికి రీహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రిజిస్టరులో పేరు ఉండాలి. అందుకు ఆ కౌన్సిల్ ఒప్పుకున్న కోర్సు చదవాలి. ఇంటర్ తర్వాత డిప్లొమా, డిగ్రీ తర్వాత స్పెషల్ బీఎడ్, ఆపైన ఎంఎడ్ ఉన్నాయి.

"ఇంత చదువు ఎందుకు, మూడు రోజుల ట్రైనింగ్ చాలదా?" అని ఒక మిత్రుడు అడిగాడు. చాలదు. పళ్లు తోముకోవడాన్ని పది చిన్న మెట్లుగా విడగొట్టి ఒక్కొక్కటే నేర్పడం, రోజంతా ఏం జరగబోతోందో బొమ్మల కార్డులతో ముందే చూపడం, పిల్లవాడు ఎందుకు అరిచాడో రాసి పెట్టుకుని కారణం వెతకడం, ఒక్కొక్కరికి విడిగా చదువు ప్లాను వేయడం ఇందులో ఉంటాయి. ఇవన్నీ అనుభవం ఉన్నవాళ్ల పక్కన నెలల తరబడి పిల్లలతో పనిచేస్తేనే వస్తాయి. మగ్గం మూడు రోజుల్లో ఎవరికి వచ్చింది?

ఇంకో మాట ఉంది, అది మన సోలాపూర్ తెలుగువాళ్లకే తగిలేది. నేను ఒకటో తరగతిలో చేరినప్పుడు నాకు తెలిసింది 'నీళ్లు'. బడిలో 'తణ్ణి' అనేవాళ్లు. మిగతా పిల్లల మొహాలు చూసి, వాళ్లు ఏం చేస్తే అదే చేసి, వారంలో పట్టుకున్నాను. ఈ పిల్లవాడికి అలా చూసి పట్టుకోవడమే కష్టం. ఇంట్లో 'నీళ్లు', కార్డు మీద 'పాణీ'. రెండూ ఒకటేనని వాడికి ఎవరు కలిపి చెప్తారు? "ఇంట్లో తెలుగు మానేసి మరాఠీయే మాట్లాడండి" అని తెలిసినవాళ్లు సలహా ఇచ్చారు. నాయనమ్మకు మరాఠీ రాదు. ఆ రోజు నుంచి ఆమె మనవడితో మాట్లాడటం తగ్గించింది. రెండు భాషల వల్ల ఇలాంటి పిల్లలకు మాట ఇంకా ఆలస్యం కాదని పరిశోధనలు చెబుతున్నాయి. ఉన్న ఒక్క నేస్తాన్ని మనమే దూరం చేశాం.

మరాఠీ, తెలుగు రెండూ వచ్చిన టీచరు బయటనుంచి రాదు. మన గల్లీలో పుట్టి మరాఠీ మీడియంలో చదివిన మన ఆడపిల్లే రావాలి. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో 1984లో పెట్టిన జాతీయ సంస్థ ఉంది, దాన్ని ఇప్పుడు ఎన్ఐఈపీఐడీ అంటున్నారు. స్పెషల్ బీఎడ్, ఎంఎడ్ అక్కడ ఉన్నాయి. మన స్టేషన్‌లో బండి ఎక్కితే నేరుగా దిగవచ్చు.

నా ప్రతిపాదన ఇది. సంఘం స్కాలర్‌షిప్పుల్లో ఏటా రెండు దీనికి కేటాయిద్దాం. డిగ్రీ అయిన ఇద్దరిని పంపిద్దాం. తిరిగొచ్చాక మూడేళ్లు సోలాపూర్‌లో పనిచేయాలని ముందే మాట తీసుకుందాం. ఇంజనీరింగ్ పిల్లలకు ఇచ్చే డబ్బు తగ్గుతుందని కొందరికి కోపం రావచ్చు. నిజమే, కొంత తగ్గుతుంది. కానీ వాళ్లకు బ్యాంకు లోను ఉంది. ఈ పిల్లలకు మనం తప్ప ఎవరున్నారు? పెళ్లయి వేరే ఊరు పోతే ఎలా అంటారా? ఆ ఊళ్లోనూ ఇలాంటి పిల్లలు ఉంటారు, చదువు వృథా కాదు.

నారళీ పున్నమికి మార్కండేయ స్వామి రథం వెనక మనమంతా నడుస్తాం. ఆ కథలో తండ్రికి వరం ఇస్తూ శివుడు అడిగాడు: తెలివిలేని, నూరేళ్లు బతికే కొడుకు కావాలా, పదహారేళ్లే బతికే తెలివైన కొడుకు కావాలా అని. తండ్రి రెండోవాణ్ణి కోరుకున్నాడు. మొదటివాడి సంగతి ఎవరూ అడగలేదు. ఆటిజం ఉన్నవాడు తెలివిలేనివాడు కాదు, కానీ మనం వాణ్ణి ఆ మొదటివాడిలాగే చూస్తున్నాం. వాళ్లూ నూరేళ్లు బతకాల్సిన పిల్లలే. అమ్మానాన్నలు పోయాక కూడా బతకాలి.

వచ్చే మీటింగులో దీనికి పది నిమిషాలు ఇవ్వమని కార్యదర్శిగారిని కోరుతున్నాను. అంతలోపు ప్రతి గల్లీవాళ్లూ ఒక పని చేయండి. బడి మానేసి ఇంట్లోనే ఉన్న పిల్లలు ఎంతమందో లెక్క తీయండి. పేర్లు ఇక్కడ రాయకండి, అంకె చాలు. మా గల్లీ లెక్క నేను రాస్తున్నాను: 3.

ఇట్లు,
మీ రిటైర్డ్ రైల్వే క్లర్కు