పంతులమ్మకు శిక్షణము – పిల్లకు చదువు

పిల్ల బడికి పోవుచున్నది, పాఠమును గడగడ నప్పజెప్పుచున్నది, ఇక విచారమేమని మనము సంతసింతుము. ఒకనాడు పాఠములోని బొమ్మను చేతితో మూసి, నడుమనున్న యొక పదముపై వ్రేలుంచి, "ఇది యేమి?" అని యడిగి చూడుడు. పిల్ల మొదటినుండి పాఠమును వల్లించుకొనుచు వచ్చి గాని యా పదమును చెప్పలేనిచో, అది చదువుట కాదు, జ్ఞాపకశక్తి మాత్రమేయని తెలియవలెను.

ఇది యొక యింటి చిక్కు కాదు. 2022వ సంవత్సరమున 'అసర్' వారు పల్లెలలో నిల్లిల్లు తిరిగి పరీక్షింపగా, ఆంధ్రప్రదేశమున మూడవ తరగతి పిల్లలలో రెండవ తరగతి పాఠమును చదువగలిగినవారు నూటికి 10.3 మంది మాత్రమే. 2018లో వారు 22.6 మంది. నడుమ కరోనా కాలమున బడులు చాలదినములు మూతపడియుండెను. మూడవ తరగతి దాటినపిమ్మట చదువుట నేర్పు పాఠములుండవు. చదివి నేర్చుకొనవలసిన పాఠములే యుండును. అప్పటికి చదువురాని పిల్ల లెక్కలలోను, విజ్ఞానములోను గూడ వెనుకబడి, తుదకు బడియన్ననే భయపడును.

చదువునకు రెండు శక్తులు కావలెను. అక్షరములను చూచి పదమును పలుకగల్గుట యొకటి. పలికిన మాట యర్థమగుట రెండవది. ఈ రెంటిని గుణించినదే చదువని 1986లో గఫ్, టన్మర్ అను పండితులు వివరించిరి. గుణకారమున నొకటి సున్నయైనచో ఫలమును సున్నయే కదా!

పూర్వపు వీధిబడులలో ఓనమాలు, గుణింతములు, ఒత్తులు ముగిసినపిమ్మట గాని పదములు వచ్చెడివి కావు. క్రొత్త పద్ధతిలో త, ల, వ, ప, డ అను నైదక్షరములు రాగానే తల, వల, వడ, పడవ అను మాటలను చదివింతురు. ఉపాధ్యాయిని ప్రతిదినము కథను పైకి చదివి, "తరువాత నేమగును? వాడట్లేల చేసెను?" అని యడుగును. ఒక్కొక్క పిల్లచే విడిగా చదివించి, అక్షరములకడ నాగినవారికి, పదములకడ నాగినవారికి వేరువేరుగా నేర్పును. కనుక పిల్ల అక్షరములను వరుసగా చెప్పలేదని యామెపై కోపింపకుడు.

అయితే పద్ధతిని వినుట వేరు, ముప్పదిమంది పిల్లల నడుమ దానిని నడుపుట వేరు. వంట పుస్తకము చదివినంతనే పులుసు కుదురునా? ప్రక్కన నిలిచి యుప్పు చూచి చెప్పు అత్తగారుండవలెను. 2021 జూలై 5వ తేదీన కేంద్రప్రభుత్వము 'నిపుణ్ భారత్' ను ఆరంభించి, 2026–27 నాటికి మూడవ తరగతి ముగియులోపల ప్రతి శిశువునకు చదువుట, లెక్కించుట రావలెనని సంకల్పించినది. దానికై 'నిష్ఠ' పేర 12 భాగముల శిక్షణమును ఫోనులోనే యుపాధ్యాయులకు అందించిరి. మంచిదే, కాని యంతటితో సరిపోదు.

దక్షిణాఫ్రికాలోని వాయవ్య రాష్ట్రమున సెట్స్వానా భాషలో నేర్పు బడులయందు ఈ సంగతినే పరీక్షించిరి. కొందరు ఉపాధ్యాయులకు ఒకచోట కూర్చి శిక్షణమిచ్చిరి. మరికొందరి తరగతికి శిక్షకురాలే తరచుగా వచ్చి, పాఠమును చూచి, తప్పులు దిద్దెను. పాఠముల యేర్పాటు ఇరువురకు నొక్కటే. రెండేండ్ల పిమ్మట చూడగా, రెండవ తెగ పిల్లల చదువునందలి యభివృద్ధి మొదటివారికంటె రమారమి రెట్టింపుగా నుండెను.

పూర్వము కృష్ణాజిల్లాలోను, 2022 ఏప్రిల్ నుండి ఎన్.టి.ఆర్. జిల్లాలోను చేరియున్న వత్సవాయి వంటి మెట్టప్రాంతములలో పత్తి, మిరప పంటలు విస్తారము. మిరపకోతల దినములలో తల్లి పొలమునుండి ప్రొద్దుగూకినపిదప వచ్చును. ప్రక్కన కూర్చుండి చదివించువారు లేని యట్టి యింటి పిల్లకు బడిలో దొరకినదే చదువు. పంతులమ్మ నేర్పరియగుట ఆ బిడ్డకే మిక్కిలి యవసరము.

ఇందు స్త్రీలు చేయదగినదేమి యందురా? 2009 నాటి విద్యాహక్కు చట్టము ప్రకారము ప్రభుత్వ పాఠశాలల కమిటీలో నాలుగింట మూడువంతులు తలిదండ్రులు లేక సంరక్షకులు, సగము స్త్రీలు ఉండవలెను. ఆ కుర్చీ మనది. అందు కూర్చుండి సంతకము చేసి వచ్చుటతో తృప్తిపడక, మర్యాదగా మూడు ప్రశ్నలడుగుడు: మా పంతులమ్మ శిక్షణమునకు వెళ్లివచ్చిన తరువాత ఆమె తరగతిని చూచి సలహా చెప్పుటకు ఎవరైన వచ్చిరా? ప్రతి పిల్లచే విడిగా చదివించుటకు ఆమెకు తీరిక దొరకుచున్నదా? పిల్లల చేతికి కథలపుస్తకములు అందుచున్నవా?

ఇవి పంతులమ్మపై నేరము మోపు ప్రశ్నలు కావు, ఆమెకు తోడు కోరు ప్రశ్నలు. ఇంట మాత్రము రాత్రి యన్నము తినునప్పుడు పిల్లచే నొక కథ చెప్పించుకొనుడు. అక్షరమురాని తల్లియు నీ సాయము చేయగలదు.