సంస్కరించిన రాళ్లు - దాచిన మాటలు

గత మాఘమాసమున మన సంఘ కుటుంబమొకదానిలో పెండ్లి జరిగినది. పెండ్లికూతురి కెంపుల పతకమునకు కొక్కి ఊడగా, తరతరములుగా మన యిండ్ల పని చేయుచున్న ఆచారిగారికి అతుకు వేయుటకై యిచ్చిరి. జాతికెంపు మంటకు ఓర్చును గనుక ఆయన రాళ్లు తీయకయే అతికి, ఆమ్లములో ముంచి తీసెను. అంతవరకు దానిమ్మగింజలవలె నుండిన కెంపులలో తెల్లని సాలెగూటివంటి గీతలు తేలినవి. ఆచారి రాళ్లు మార్చినాడని యింటివారు నింద మోపిరి. తగవు మా యొద్దకు వచ్చినది.

భూతద్దము పెట్టి చూచితిమి. రాళ్లు మారలేదు. అవి మొదటినుండియు సీసపు గాజు నింపిన కెంపులు. పగుళ్లలోని గాజును మంటయు ఆమ్లమును తినివేయగా, లోపలి పగుళ్లు బయటపడినవి. అమ్మిన అంగడివారు ఈ సంగతి చెప్పలేదు; కొన్నవారును అడుగలేదు. ఏల అడుగలేదనగా, "వారు మన తెలుగువారే గదా" యని సమాధానము. ఆ సమాధానమే మా చేత ఈ నాలుగు మాటలు వ్రాయించుచున్నది.

రంగురాళ్లను సంస్కరించుట క్రొత్త విద్య కాదు. కెంపులను కాచి రంగు తేర్చుటను గూర్చి 11వ శతాబ్దిలోనే అల్ బిరూనీ వ్రాసియున్నాడు. పచ్చల చీలికలలో నూనె పట్టించుట కూడ శతాబ్దముల నాటి ఆచారము. 1970 తరువాత, సింహళమున దొరకు మసక రాళ్లను థాయిలాండులో 1,500 డిగ్రీలకు మించి కాచి నీలములుగా అమ్ముట ప్రబలినది. కాచిన రాతి రంగు నిలుచును. ధర మాత్రము కాచని రాతికంటె తక్కువ. 2004 ప్రాంతమున బజారుకు వచ్చిన గాజు కెంపుల సంగతి వేరు. పగుళ్లతో నిండి పనికిరాని రాతిని గాజుతో నింపి మెరిపింతురు. నిమ్మరసము సోకినను దాని మెరుగు చెడును. మూడింటికిని విలువలో ఆకాశ పాతాళముల భేదమున్నను, అంగడిలో పేరు కెంపు అనియే.

గుర్తించుట యెట్లు? పదిరెట్లు పెద్దదిగా చూపు భూతద్దము క్రింద రాతిని దీపమునకు ఇటునటు త్రిప్పిన, గాజు నింపిన చీలికలలో నీలి మెరుపు తళుక్కుమనును; అణగిన గాలిబుడగలు కనబడును. రంగునూనె పట్టించిన పచ్చను తెల్లకాగితముపై నుంచి చూచిన, రంగు రాతియందంతటను గాక చీలికలవెంట చేరియుండును. కాచిన నీలములో, సహజమైన సూదులవంటి నలుసులు చెదరి చుక్కలగును. దీనిని కనిపెట్టుటకు సూక్ష్మదర్శినియు, ఆరితేరిన కన్నును కావలెను. బెరీలియము చొప్పించి రంగు మార్చిన రాళ్లను కంటితో నిర్ణయింపజాలము. అవి పరీక్షాలయపు యంత్రములకే పట్టుబడును.

మనలో రెండు భ్రమలు కలవు. హాల్‌మార్కు ఉన్నది గదా యని యొకటి. 2021 జూనునుండి దశలవారిగా తప్పనిసరియైన ఆ ముద్ర బంగారము మచ్చునకే గాని రాతికి గాదు. నలుసు లేని రాయియే మేలైనదని రెండవది. భూమిలో పుట్టిన రాతికి ఏదోయొక నలుసుండుట సహజము. చౌకగా వచ్చిన పెద్ద కెంపు స్వచ్ఛముగా నున్నచో అప్పుడే అనుమానింపవలెను. మరియు, వెనుక రేకు వేసి మూసిన మన పాతకాలపు పనిలో రాయి బిగించిన పిమ్మట పరీక్ష కష్టము. విలువగల రాయినైనచో బిగింపకమునుపే జయపురము, ముంబయి వంటిచోట్లనున్న పరీక్షాలయములలో చూపించుట మేలు.

మేమును ఇరువది యేండ్లుగా నగల అంగడి నడుపుచున్నవారమే. "చెప్పిన ఎవరు కొందురు?" అని తోటి వర్తకులు మమ్మడుగుదురు. తిరుచ్చిరాపల్లిలో కృత్రిమ రాళ్లను సానబట్టి, కృత్రిమమనియే చెప్పి అమ్మి ఎన్ని కుటుంబములు గౌరవముగా బ్రదుకలేదు? రాతిని కాచుట తప్పు గాదు, నూనె పట్టించుట తప్పు గాదు. చెప్పి అమ్మినది వర్తకము, దాచి అమ్మినది వంచన.

ఈ తమిళనాట అంగడిలో తెలుగుమాట వినబడిన చాలును, రసీదు అడుగుట అమర్యాదయని మనము తలంతుము. భాష చుట్టరికమే గాని పూచీకత్తు కాదు. కావున వర్తక సోదరులు రసీదులో "జాతిదా, కృత్రిమమా, కాచినదా, నూనె పట్టించినదా, గాజు నింపినదా" అను వివరము తామే వ్రాయవలెను. కొనువారు మొగమాటము విడిచి అడుగవలెను. మా అంగడిలో ఈ పద్ధతి ఉగాదినుండి ఆరంభించితిమి.

ఆ యింటివారు ఆచారిగారి గడపకు పోయి క్షమాపణ చెప్పుకొనిరి. ఆయన మన్నించెను. కాని ఆనాడు ఆయన కార్చిన కన్నీరు, రసీదులో వ్రాయని ఒక్క మాట వెల.