జట్టు మారినవాడు ద్రోహియా?

సాయంకాలము బడి విడిచినంతనే మన పిల్లలు వాకిట గుమికూడి, ఏ ఫుట్‌బాల్ ఆటగాడు ఏ జట్టును వీడునో, ఎవరు క్రొత్తగా చేరుదురో యని తీవ్రముగా వాదించుచున్నారు. వాదము మంచిదే. ఏ స్థానమునకు ఎట్టివాడు కావలెనో ఆలోచించుటయు నొక విద్యయే. కాని ఫోనులో చూచిన పుకారును నమ్మి, వెళ్ళునేమో యన్న ఆటగానిని ముందుగనే ద్రోహి యనుట నాకు సమ్మతము కాదు.

2000 సంవత్సరమున ఫిగో అను పోర్చుగల్ ఆటగాడు బార్సిలోనా జట్టును వీడి, దాని చిరకాల ప్రత్యర్థియగు రియల్ మాడ్రిడ్‌లో చేరెను. 2002లో ఆతడు బార్సిలోనా మైదానమున ఆడవచ్చినపుడు ప్రేక్షకులు సీసాలను, పందితలను గూడ విసరిరి. ఐదేండ్లు తమకొరకు ఆడినవానికి వారు చేసిన సత్కారమిది!

సికింద్రాబాదు ప్రాంతమున పుట్టిన తులసీదాస్ బలరాం 1957లో కలకత్తా చేరి ఈస్ట్ బెంగాల్ జట్టున ఆడెను. 1961లో ఆ జట్టువారు ఆతనినే నాయకునిగా చేసికొనిరి. 1962లో జకార్తా ఆసియా క్రీడలలో స్వర్ణపతకము గెలిచిన భారత జట్టులో ఆతడును ఒకడు. 2023లో కన్నుమూసినదియు బెంగాలు గడ్డపైననే. పుట్టినచోటు వీడుట ద్రోహమైనచో ఈ కీర్తి మనకు దక్కియుండెడిదా?

మన తాతలును ఒకనాడు ఊరు విడిచి ఈ నేలకు వచ్చినవారే. వారు ద్రోహులా? బాలలారా, వాదింపుడు. అయితే వార్త ఎవరు చెప్పిరి, జట్టు ప్రకటించెనా యని ముందడుగుడు. వెళ్ళువానిని మర్యాదతో సాగనంపుడు, వచ్చువానిని ఆదరింపుడు. తల్లిదండ్రులును ఇంట ఈ మాటయే చెప్పవలెను.