ఎండలో కిల్టు



మన సంఘములోని ఒక కుటుంబము వారి అబ్బాయి స్కాట్లాండులో ఉద్యోగం చేస్తున్నాడు. అక్కడ జూలైలో స్నేహితుని పెళ్ళికి మగవారందరూ కిల్టు కట్టుకొని రావాలట. "ఆ ఉన్ని బట్టలో ఉడికిపోతానేమో అయ్యగారూ!" అని ఫోనులో అన్నాడు. అతని భయము ఊరకనే కాదు. చలిదేశమని పేరే గాని, 2022 జూలైలో అక్కడ కూడా ఎండ 34 డిగ్రీలు దాటింది.

కిల్టు మన లుంగీ వంటిది కాదు. మోకాలి వరకే ఉన్నా దానికి సుమారు 8 గజాల ఉన్ని బట్ట పడుతుంది. వెనుకవైపంతా కుచ్చిళ్ళు పెట్టి కుడతారు. అందువలన నడుము దగ్గర పొరలు మందమై చెమట పోస్తుంది. క్రింద మాత్రం గాలి బాగానే ఆడుతుంది. అసలు బాధ పెట్టేవి దానితో వేసుకొనే కోటు, లోపలి వెయిస్టుకోటు, మోకాలిదాకా లాగే ఉన్ని మేజోళ్ళు.

మేము విచారించి అతనికి చెప్పినవి ఇవి. గజము 450 గ్రాములు తూగే బట్ట చలికాలానికి మంచిది. వేసవికి 300 గ్రాములది అడగాలి. 5 గజాలతో కుట్టినవి కూడా ఉంటాయి. లోపల పలుచని నూలు నిక్కరు వేసుకొంటే తొడలు ఒరుసుకోవు. ఫోటోలు అయిన తరువాత కోటు తీసివేసి, మేజోళ్ళు క్రిందికి చుట్టుకోవచ్చును. మాటిమాటికి నీళ్ళు త్రాగాలి. తల తిరిగితే సిగ్గుపడక నీడకు వెళ్ళి బెల్టు వదులు చేసుకోవాలి.

మోకాళ్ళ వెనుక భాగాన్ని మరువకూడదు. 1899 డిసెంబరు 11న దక్షిణాఫ్రికాలోని మాగర్స్‌ఫాంటీన్ యుద్ధములో, కిల్టులు కట్టిన స్కాట్లాండు సైనికులు తుపాకిగుండ్లకు తల ఎత్తలేక గంటల తరబడి బోర్లా పడి ఉన్నారు. ఆ ఎండకు వారి మోకాళ్ళ వెనుక చర్మము కాలి బొబ్బలెక్కింది. మన కంటికి కనబడని చోటు గనుక, ఎండకు పూసే క్రీము ముందు అక్కడే పూసుకోవాలి.

స్నేహితుని సంతోషములో పాలుపొందుటకు వారి వస్త్రము ధరించుట మంచిదే. అయితే మర్యాద కొరకు సొమ్మసిల్లి పడిపోనక్కరలేదు. మే నెల పెళ్ళిళ్ళలో మన పెండ్లికుమారులకు మూడు పొరల సూటు తొడిగే తలిదండ్రులు కూడా ఈ మాట జ్ఞాపకముంచుకొంటే మేలు.